గట్టు మీద కోకలు

మా అత్త వంకాయలు కోసే ముందు కోక వాసన చూసేది. మామ పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయి, ఆసుపత్రి చూసి వచ్చినాక మా తోటకు మందు మానేశాం. పక్క చేని మిరపకు కొట్టే మందు గాలికి రాకూడదని అత్త గట్టు పొడవునా పాత కోకలు కట్టింది. కోక ఘాటుగా ఉంటే ఆ రోజు కోత లేదు.

"చేనికి కోక కట్టినావు అక్కా, ఇంక పూలు పెట్టు" అని పక్క చేనాయన నవ్వేవాడు.

"నీవు మందు నిలుపు, నీకే పెడతా" అనేది.

ఒకసారి అత్త చుట్టాల పెళ్లికని విళాత్తికుళం పోయింది. కోకలు మురికిగా ఉన్నాయని నేను ఉతికేశాను. మరునాడు కోవిల్పట్టి సంతకు బుట్టెడు కాయలు కోసి, మా పాపకు ఆ వంకాయల కూరతోనే అన్నం పెట్టాను. అప్పుడే అత్త వచ్చి, ఆరేసిన కోకలు చూసింది.

"వాసన చూస్తివా?"

"లేదత్తా."

ఆమె తిట్టలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఎప్పుడు మందు కొట్టాడో అడుగుదామంటే పక్క చేనాయన విరుదునగరం పోయాడు, ఫోను ఎత్తలేదు. అత్త పాపను ఒళ్లో పెట్టుకుని, ఊపిరి వింటూ కూర్చుంది.

మధ్యాహ్నం ఆయనే ఫోను చేశాడు. "నేను కొట్టి వారమాయె అక్కా."

పాప ఆడుకోను పోయింది. అత్త మాత్రం బుట్టెడు కాయలూ గుంటలో పోసింది.

"కొట్టి వారమాయె అన్నాడు కదత్తా?"

"అన్నాడమ్మే" అంటూ మట్టి కప్పింది.