స్క్విడ్ చెడిపోయింది సార్!

నోరు జారి లారీడు సరుకును నడి ఎండలో పెట్టించిన మొనగాణ్ణి నేను. నవ్వుకోండి, పర్వాలేదు. ఆరోజు నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది.

పులికాట్ దగ్గర చేపలూ రొయ్యలూ గడ్డకట్టించి విదేశాలకు పంపే కంపెనీలో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఒకసారి చూసిన వెబ్ పేజీలను దాచుకుని, మళ్లీ అడిగితే చటుక్కున ఇచ్చే ప్రాక్సీ సర్వర్ మాకొకటి ఉండేది. అందులో నడిచే ప్రోగ్రాము పేరు స్క్విడ్. అదే పేరుతో సముద్రంలో ఆక్టోపస్ లాంటి జీవి ఒకటి ఉంది. మా కోల్డ్ స్టోరేజీ నిండా ఉన్నదీ అదే! ఆరోజు దాన్ని ఎక్కించుకుని చెన్నై రేవుకు పోవాల్సిన లారీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. ఇన్ని తెలిసీ నాకు తట్టలేదంటే, నా తెలివి ఎంతటిదో మీరే చూసుకోండి.

ఆ పొద్దున నెట్ ఘాట్ రోడ్డెక్కే నిండు బస్సులా మూలుగుతోంది. ఒక్క మెయిలూ పోవడం లేదు. కారణం కనిపెట్టగానే, చిత్తూరు నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు మునిరత్నం గారి గదిలోకి దూసుకెళ్లాను.

"సార్, స్క్విడ్ చెడిపోయినాది!"

ఆయన ముఖం పాలిపోయింది. "ఎంతప్పా?"

"మొత్తం సార్. పాతదంతా పేరుకోని పోయుండాది. నేనే సూసుకోలేదు."

"నువ్వెందుకు సూస్తావు దాన్ని?"

"నా డ్యూటీనే గదా సార్! అంతా తీసి పారేస్తే సరి. మళ్లా అదే నిండతాది."

"అదే నిండతాదా! యాడనించి?"

"జనం అడిగేకొద్దీ వచ్చేస్తాది సార్."

ఆయన తల పట్టుకున్నారు. నా ప్రతిభకు తల తిరిగిందనుకున్నాను.

పాత పేజీలన్నీ చెరిపేశాను. నెట్ పరుగందుకుంది. మెప్పు కోసం బయటికొచ్చి చూస్తే, ఆవరణ నిండా స్క్విడ్ పెట్టెలు!

"ఎవరు తీయమన్నారన్నా?" అని స్టోరేజీ మేస్త్రీ వేలన్నను అడిగాను.

"మేనేజరు సారే. చెడిపోయిందని నువ్వే చెప్పినావంట గదబ్బా!"

ఒక్క ఉరుకున మేనేజరు దగ్గరికి పోయాను.

"సార్! చెడింది చేప కాదు, కంప్యూటర్లో ప్రోగ్రాము!"

"దాని పేరూ అదేనా? ఏ పాపాత్ముడు పెట్టినాడప్పా?"

"పెట్టెలు లోపలికి పెట్టిద్దాం సార్, ఇంకా కరగలా."

"పెట్టెలు సరే. సరుకు చెడింది, ఆర్డరు రద్దు చేసుకోండని కొనేవాళ్లకు మెయిలు కొట్టినా గదా!"

"పోయుండదులే సార్! పొద్దున్నించి ఒక్కటన్నా పోయిందా?"

"పోయినాదప్పా," అన్నారు నీరసంగా. "నువ్వు బాగు చేసినావు గదా. రెప్ప కొట్టేలోపల పోయినాది."

లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది. నేను ఏడుకొండల వైపు తిరిగి ప్రమాణం చేశాను, ఆ ప్రోగ్రాము పేరు ఈ జన్మలో నోటితో ఎత్తనని. కొత్త పెళ్లికూతురు మొగుడి గురించి చెప్పినట్టు "మన ఇది" అంటాను. ఇంకా గుచ్చి అడిగితే, సిగ్గుపడి సర్వర్ వైపు వేలు చూపిస్తాను.