ఓడెక్కిన తుండుగుడ్డ

మగ్గం మీంచి దింపిన కొత్త గుడ్డను నీళ్లలో ముంచి ఇవ్వడమంటే సిద్ధరాములుకు గిట్టదు. జోడ్‌భావి పేట్‌లో నలభై ఏళ్లుగా నేస్తున్నాడు. బిడ్డ తృప్తి మొదటిసారి సరుకు ఓడ ఎక్కేటప్పుడు, తన చేత్తో నేసిన పల్చటి తుండుగుడ్డ కొసకు పసుపు రాసి ఇచ్చాడు. "కోరాదే ఉంచుకో బిడ్డా, ఉతుకకు," అని మరీ మరీ చెప్పాడు. గుడ్డ సంగతిలో ఆయన మాటకు ఎదురు లేదు. భార్య శాంత బీడీలు చుడుతూ నవ్వుకుంటుందంతే.

ఆ ఓడ సరుకుతో పాటు వాతావరణం కబుర్లూ మోస్తుంది. ఆరు గంటలకోసారి గాలి, తేమ, అలలు, నీటి వేడి చూసి ఒడ్డున ఉన్న వాతావరణ ఆఫీసుకు పంపాలి. నడిసంద్రం సంగతి ఇంకెవరు చెబుతారు? ఆ పని శిక్షణలో ఉన్న తృప్తికి అప్పగించారు. సిద్ధరాములు ఆ మాట పేటంతా చెప్పుకున్నాడు.

జూన్ మొదట్లో ఆమె ఫోన్ చేసింది.

"బాపు, నా లెక్కలు తప్పని ఆఫీసోళ్లు వాపస్ పంపిన్రు. రేపటిదాంక సరిజెయ్యకుంటే ఈ పని ఇంకొకరికి ఇస్తనన్నడు కప్తాన్."

రెండు థర్మామీటర్లుంటాయట. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుడతారు. తడి ఆరేకొద్దీ అది చల్లబడుతుంది. రెండింటి తేడాను బట్టి గాలిలో తేమ తెలుస్తుంది. తృప్తికేమో నాలుగు రోజులుగా రెండూ ఒకటే చూపిస్తున్నాయి.

"గుడ్డ ఏడిది?" అన్నాడు సిద్ధరాములు.

"ఓడల ఉన్నది ఉప్పు పట్టి ఖరాబైంది. నువ్విచ్చిన దాంట్లకెల్లి కోసిన. శుభమని పసుపు కొసనే చుట్టిన బాపు."

గుడ్డను కోసిందనగానే ఆయనకు చురుక్కుమంది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. పడుగుకు గంజి పట్టించింది తానే. గంజి దిగని గుడ్డ నీళ్లు తాగదు. దాన్ని ఉతకొద్దన్నదీ తానే. ఆయనకు సిగ్గేసింది.

"తప్పు నాది బిడ్డా. దాన్ని మంచిగ మరగబెట్టు. ఆ నీళ్లు పారబోసి మళ్లా మరగబెట్టు, జిగురు పొయ్యేదాంక."

"పసుపు గూడ పోతది."

"పోనియ్."

మర్నాడు పొద్దున ఆయన మగ్గం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. పదింటికి సందేశం వచ్చింది. 'తేడా మూడు డిగ్రీలు. లెక్క తీసుకున్నరు బాపు.' రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారమే ఇంకా పల్చటి గుడ్డ నేశాడు. శాంత చూస్తుండగా తానే దాన్ని మరిగే నీళ్లలో వేశాడు. ఆరాక మడిచి పొట్లం కట్టాడు. పసుపు మాత్రం పొట్లం మీద రాశాడు.