నాలుగు మూలల పసుపు

కంటికి కనబడనిది లేనట్టేనని చాలాకాలం నమ్మినవాణ్ని నేను. దేవుడి విషయంలో కాదు, కంప్యూటర్ విషయంలో. దేవుడు కనబడకపోయినా ఉన్నాడని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కంప్యూటర్లో ఒక పని మీదికి ఇంకో పని వచ్చి కూర్చున్నప్పుడు, కిందిది కూడా బతికే ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం వాళ్ల తప్పు కాదు, అడగకపోవడం నాది.

అయినా తప్పంతా నేనే మోయకుండా కొంత టైపు మిషన్ మీదికి నెడతాను. కరీంనగర్ కోర్టు ముందు రేకుల కింద టైపు మిషన్ పెట్టుకుని, నెత్తి నెరిసేదాకా అర్జీలు కొట్టి బతికాను. ఆ మిషన్‌ది ఒకటే ధర్మం. రోలర్లో ఉన్న కాగితం దిగితేనే ఇంకో కాగితం ఎక్కుతుంది. కొత్తది కళ్ల ముందుకొచ్చిందంటే పాతది పోయినట్టే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు అన్నది టైపు మిషన్‌ను చూసే అయ్యుంటుందని నా అనుమానం.

తొంబైలు ముగియవచ్చేసరికి రేకుల కింద మా వరుస పలచబడింది. వకీళ్లు అర్జీలను కంప్యూటర్ మీద చేయించుకు రావడం మొదలుపెట్టారు. పొద్దంతా కూర్చున్నా నా మిషన్ మీద దుమ్ము తప్ప వేళ్లు పడేవి కావు. ఆ రోజుల్లోనే మా బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు, బస్టాండు దగ్గర డీటీపీ దుకాణం తెరిచాడు. పెండ్లి పత్రికలు, పెద్ద కర్మ పత్రికలు, దుకాణాల కరపత్రాలు చేసేవాడు. వాళ్ల అక్క చెప్పగా చెప్పగా నాకూ ఒక కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చోగలిగితేనే నేను నిలబడ్డట్టు. లేకపోతే మళ్లీ రేకుల కిందికే.

మొదటి వారంలోనే నా ధర్మం బయటపడింది. ఒక పెండ్లి పత్రిక కొడుతున్నాను. చేతిలోని మౌస్ ఎక్కడో తగిలింది, ఇంకేదో తెర వచ్చి నా పత్రిక మీద పరుచుకుంది. పోయిందనుకున్నాను. అయ్యో అనుకుని మళ్లీ మొదటినుంచి కొట్టాను. అదీ పోయింది. మళ్లీ కొట్టాను. మధ్యాహ్నానికి కంప్యూటర్ కొయ్యబారిపోయింది. బామ్మర్ది వచ్చి తెర అడుగున ఉన్న పట్టీని చూశాడు.

"బావా, గిదేంది? ఒక్క పెండ్లికి గిన్ని పత్రికలేంది?"

"పోతున్నది. మళ్ల కొడుతున్న."

"ఏడికి పోతున్నది?"

"గది నాకేం ఎరుక? చూస్తుండంగనే మాయమైతున్నది."

"పోలే బావా! ఎనుకకు పోయింది, గంతే. బస్సుల ముంగటోడు లేచి నిలబడితె ఎనుకోడు సచ్చిపోయినట్టా?"

కౌంటర్ దగ్గరున్న గిరాకీలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురూ మనల్ని చూసి నవ్వుతున్నప్పుడు మనమూ కలిస్తే, నవ్వబడేవాడు ఒకడు తగ్గుతాడని నా ఆశ. అక్కకు చెప్పొద్దని బతిమాలాను. ఆ సాయంత్రం మా ఆవిడ కంచం నా ముందు పెట్టి, "బువ్వ పెట్టిన. మాయం కాకముందే తినుండ్రి" అంది.

తెరిచి ఉన్న పనులన్నిటి పేర్లూ అడుగు పట్టీలో ఉంటాయని, ఏది కావాలంటే దాని పేరు నొక్కితే ముందుకు వస్తుందని బామ్మర్ది చూపించాడు. ఒకసారే చూపించాడు. నాకు సగమే ఎక్కింది. మిగిలిన సగం అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ దుకాణంలో ఒక మర్యాద ఉండేది. మా మామకు మెట్‌పల్లి దగ్గర పసుపు పొలం ఉంది. దుకాణం పెట్టిందే ఆ పంటతో. అందుకని ప్రింటర్లోంచి వచ్చిన పెండ్లి పత్రిక మొదటి ప్రతికి నాలుగు మూలలా మామ పంపిన పసుపు తడిపి పెట్టి, రెండు చేతులతో పెండ్లివారికి ఇచ్చేవాళ్లం. వాళ్లు దాన్ని కండ్లకద్దుకుని దేవుని దగ్గర పెట్టుకునేవారు. ఈ పని నాకు అప్పగించాడు బామ్మర్ది. ఇందులో బావ ఏం చెడగొడతాడులే అనుకుని ఉంటాడు.

ఒక పొద్దున నేను లక్సెట్టిపేట వాళ్ల పెద్ద కర్మ పత్రిక కొడుతున్నాను. హుస్నాబాద్ నుంచి ఆడపిల్ల తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ల పత్రికను ముందురోజే బామ్మర్ది తయారుచేసి తెరిచి ఉంచాడు. ఇప్పుడది నా కర్మ పత్రిక వెనకాల ఉంది. బామ్మర్ది బయట చాయ్ తాగుతూ అక్కడినుంచే కేకేశాడు.

"బావా! పెండ్లిది ముంగటికి తెచ్చి ప్రింట్ కొట్టు!"

"ఎట్ల?" అని అడగవలసింది. పెండ్లివాళ్ల ముందు ఎట్లా అడగను? అడుగు పట్టీలో పేరు నొక్కాను. ఆ కంప్యూటర్ నెమ్మది మనిషి. ఏది అడిగినా కాసేపు ఆలోచించుకుని గానీ కదలదు. అది కదిలేదాకా ఆగాలని నాకు తెలియదు. నొక్కిన వెంటనే, తెర వైపు కూడా చూడకుండా, పెండ్లివాళ్ల వైపు చూసి చిరునవ్వుతో ప్రింట్ మీటలు కొట్టేశాను. ఆ క్షణంలో ముందున్నది ఏది? పెద్ద కర్మ. నేను తల తిప్పేసరికి తెర మీద వినాయకుడు, మామిడాకులు, అక్షింతలు అన్నీ వచ్చేశాయి. హమ్మయ్య, నేర్చుకున్నాననుకున్నాను.

ప్రింటర్లోంచి కాగితం బోర్లా వస్తుంది. అలాగే తీసుకుని, అలాగే నాలుగు మూలలా పసుపు పెట్టి, రెండు చేతులతో ఆ తండ్రికి అందించాను. ఆయన చెప్పులు విడిచి అందుకున్నాడు. కండ్లకద్దుకున్నాడు. భార్యకు చదువు రాదు గనుక, ఆమెకు వినిపించాలని గొంతు సవరించుకుని కాగితం తిప్పి చదివాడు.

"మిక్కిలి చింతిస్తూ విన్నవించుకొనునది ఏమనగా..."

"పిల్ల పెండ్లికి చింతేందయ్యా?" అంది ఆమె.

ఆయన ఇంకో వరుస కళ్లతోనే చదివి ఆగిపోయాడు. ఆగి, కాగితాన్ని భార్యకు కనబడకుండా మడిచాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "వేరేవాళ్లది వచ్చినట్టున్నది సారూ. మాది తియ్యిండ్రి" అన్నాడు, నాకే ఏదో అయినట్టు మెల్లగా. ఆయన తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ని. చదువు రాని ఆమెకు మాత్రం అంతా తెలిసిపోయింది. కాగితం అంచున ఉన్న నల్ల గీత ఎవరికైనా చదవొస్తుంది.

బామ్మర్ది పరిగెత్తుకొచ్చి అసలు పత్రిక తీశాడు. నేను అలవాటుగా పసుపు గిన్నె అందుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది:

"నీ చేతితోని వద్దన్నా."

అన్నా అనే అంది. అందుకే అది నాలోంచి ఇంకా పోలేదు. పసుపు అంటిన వేళ్లను ఎక్కడ దాచుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను. ఆ చొక్కా జేబుకు మరక ఉండిపోయింది. మా ఆవిడ ఎంత ఉతికినా.

ఆ రోజునుంచి నా కుర్చీ కంప్యూటర్ ముందునుంచి మూలకు మారింది. కాగితాలు కత్తిరించడం, కవర్లు లెక్కపెట్టి కట్టడం నా పని. చుట్టాల్లో ఎక్కడ శుభకార్యం జరిగినా బామ్మర్ది, "మా బావకు పసుపు గిన్నె ఇయ్యకుండ్రి. పెండ్లిని పెద్ద కర్మ చేస్తడు" అనేవాడు. బావను ఆడుకునే హక్కు బామ్మర్దికి పుట్టుకతోనే వస్తుంది, కోపం తెచ్చుకునే హక్కు బావకు పెండ్లితోనే పోతుంది. నేను నవ్వేవాణ్ని.

మూల కుర్చీకీ ఒక లాభం ఉంది. అక్కడినుంచి బామ్మర్ది చేతులు బాగా కనబడతాయి. గిరాకీ లేనప్పుడు అతను కంప్యూటర్లో పత్తాలు, అదే పేకాట, ఆడేవాడు. పత్తాలంటే మా మామకు మంట. ఆయన అన్నగారు రెండెకరాల పసుపు చెలక పత్తాల మీదే పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో పత్తా కనబడితే పొయ్యిలోకే. అలాంటి మామ మెట్‌పల్లి బస్సు దిగి వచ్చి గడపలో అడుగుపెట్టేసరికి తెర మీద ఎప్పుడూ ఒక వినాయకుడే ఉండేవాడు. "నా కొడుకు పొద్దందాక పెండ్లిల్లే చేస్తుండు" అని మురిసిపోయేవాడు మామ. ఆయన అటు వెళ్లగానే అదే ఆట, ఆగిన చోటునుంచి.

ఏం చేస్తున్నాడా అని ఎడమచేతిని కనిపెట్టాను. బొటనవేలు ఆల్ట్ మీట మీద, మధ్యవేలు ట్యాబ్ మీద. అంతే! ట్యాబ్ నాకు పాత చుట్టమే. టైపు మిషన్ మీద గడినుంచి గడికి దూకించేది. ఈ ఇంట్లో దానికి ఇంకో కొలువు ఉందని నాకు తెలియదు. బామ్మర్ది బువ్వకు పోయినప్పుడు దొంగలా కూర్చుని నొక్కి చూశాను. ముందుది వెనక్కి, వెనకది ముందుకి. పోయింది పోయినట్టే తిరిగొచ్చింది, ఒక్క అక్షరం చెదరకుండా. నేను పోయాయని ఏడ్చిన పత్రికలన్నీ ఇలాగే నా వీపు వెనక కూర్చుని నన్ను చూసి ఉంటాయి.

నేర్చుకున్నాను గానీ చెప్పలేదు. నా చేతిని ఎవరు నమ్ముతారు?

ఒక మధ్యాహ్నం మామ కొత్త పసుపు సంచితో వచ్చాడు. బామ్మర్ది వేళ్లు కదిలాయి, వినాయకుడు ప్రత్యక్షమయ్యాడు. మామ కూర్చుని నన్ను చూశాడు.

"అల్లుడా, గా మూలకు కాగితాలు కోస్తున్నవేంది? మిషన్ మీద కూసుంటలేవా?"

"బావకు రాదు బాపూ. పెండ్లిది తెమ్మంటె కర్మది తెస్తడు," అని బామ్మర్ది కథంతా మళ్లీ చెప్పాడు. ఈసారి ఆమె గొంతు కూడా పెట్టాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, "నీ చేతితోని వద్దన్నా" అన్నాడు.

ఆమె అన్నప్పుడు నాకు కోపం రాలేదు. ఇతను అన్నప్పుడు వచ్చింది. లేచి వెళ్లాను.

"ఇప్పుడస్తది మామా. ఎనుకున్నది ముంగటికి తెచ్చుడు నేర్చుకున్న. జర చూస్తవా?"

"బావా, ఇప్పుడెందుకు... బాపు అలసిపోయిండు..."

రెండు మీటలు నొక్కాను. వినాయకుడు వెనక్కి వెళ్లాడు. ఎర్రవి, నల్లవి బారులు తీరి ముందుకొచ్చాయి.

మామ కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. "గివి ఎవలి పెండ్లి పత్రికలురా? రాజు, రాణి కూడ ఉన్నరు."

బామ్మర్ది తెరకు అడ్డంగా జరగబోయాడు.

"నా పసుపు మీద పెట్టిన దుకాణంల పత్తాలారా? లే! బావను కూసోనియ్యి." తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "నీకు గిది ఎవలు నేర్పిండ్రు అల్లుడా?"

"నీ కొడుకే మామా. మంచి గురువు."

కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. కూర్చున్నాను. సంచి మూతి విప్పి, చిటికెడు కొత్త పసుపు అరచేతిలో తడిపి, ఆ పత్తాల తెరకు నాలుగు మూలలా నా చేతితోనే పెట్టాను.