జాబితాలో ఒక గడి

మా పై ఫ్లాట్ అంకుల్ పోయారు. పోయిన వారం పొద్దున్నే చాయ్ తాగి, పేపర్ సగం చదివి, కుర్చీలోనే ప్రాణం విడిచారు. ఆంటీయే ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయిండు బిడ్డా. నువ్వు జర ఏమన్న తిని బయల్దేరు, ఇక్కడికొస్తే నీకు తిండి కుదరదు" అన్నారు. అలాంటప్పుడు కూడా అలాంటి మాట అనగలిగిన ఇల్లది. నానక్‌రామ్‌గూడలో ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చి, ఆవిడ చెప్పినట్టే రెండిడ్లీలు తిని, మియాపూర్ వెళ్లాను.

ఇప్పుడు తెల్లాపూర్‌లో ఉంటున్నాను గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడేళ్లు ఆ మియాపూర్ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను. రెండో అంతస్తులో నేను, నా స్నేహితురాలు కిరాయికి. మూడో అంతస్తులో ఆయన, ఆంటీ. మాది తణుకు, ఆయనది నల్లగొండ వైపు పల్లె. రక్షణ శాఖ ల్యాబులో సైంటిస్టుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఆయన పరిశోధనంతా మా నీళ్ల ట్యాంకు మీద పడింది. రోజూ పొద్దున డాబా ఎక్కి, ట్యాంకులో కర్ర దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, గోడ మీద సుద్దముక్కతో రాసేవారు. సాయంత్రం ఎన్నింటికి నీళ్లు ఆగిపోతాయో చెబితే, పావుగంట అటూ ఇటూగా అప్పుడే ఆగేవి. నీళ్లు చాలవేమోనని ఎవరైనా గోల పెడితే, "పరేషాన్ ఎందుకు, జర లెక్క చూద్దాం" అని పెన్సిల్ తీసేవారు.

నేను చెబుతున్నది తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల సంగతి. ఆయన స్కూటర్ ముందు 'జై తెలంగాణ' స్టిక్కర్ ఉండేది. నేనేమో ఊరుకోకుండా వాదనకు దిగేదాన్ని. లిఫ్ట్‌లో మొదలైన వాదన మూడో అంతస్తులో ఆంటీ పెట్టిన ఉప్మా అయిపోయేదాకా నడిచేది. "నీ మాట నేనొప్ప. ఇంకో గంటె వేసుకో" అనేవారు. బస్సులు బందైన రోజు, నాకు ఆఫీసులో తప్పని పని పడితే, ఆ స్కూటర్ మీదే సందుగొందులు తిప్పి మాధాపూర్‌లో దింపారు. దారిలో కుర్రాళ్లు ఆపితే, "నా బిడ్డ, డ్యూటీకి పోతున్నది" అన్నారు. వాళ్లు స్టిక్కర్ చూసి దారిచ్చారు. నేను చున్నీ మొహానికి కప్పుకుని నోరెత్తలేదు. నోరెత్తితే నా గోదావరి యాస బయటపడుతుందని భయం.

ఆ సమ్మె రోజుల్లోనే అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ గారు నాకో పని అప్పగించారు. ఆయనది భీమవరం. "గ్యాస్ రావట్లేదు, బస్సుల్లేవు, ఎవరికే అవసరం వస్తుందో ఏమో. అందరి ఫోన్ నంబర్లతో ఓ లిస్టు చేసి పెట్టమ్మా" అన్నారు. నలభై రెండు ఫ్లాట్లు. పేరు, ఫ్లాటు, ఫోను రాసి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎక్సెల్ చేతికొచ్చాక మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఊరుకోగలరా? 'సొంత జిల్లా' అని ఇంకో గడి పెట్టాను. జిల్లా ప్రకారం పేర్చాను. చూడ్డానికి బావుంటుందని ఇటు తెలంగాణవాళ్లకి నారింజ రంగు, అటు ఆంధ్రావాళ్లకి నీలం రంగు వేశాను. గొడవలు ముదిరితే ఎవరికి ముందు సాయం కావాలో తెలుస్తుందని నా తెలివి. ఆఫీసులో కలర్ ప్రింట్లు తీసి, ప్రతి తలుపు కిందా తోసి, ఏదో ఘనకార్యం చేసినట్టు పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. అంకుల్ ఆ కాగితం పట్టుకుని కిందికొచ్చారు.

"బిడ్డా, ఈ రంగులేంది?"

చెప్పాను.

"సాయం చేసేటోనికి తెలుస్తది, మంచిదే. ఇంకెవరికి తెలుస్తది?"

"జర నాతోని రా" అని సెల్లార్‌కి తీసుకెళ్లారు. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. రోజూ పంటలు వేసుకుని జట్లు కట్టేవాళ్లు, ఆ రోజు నారింజ జట్టు, నీలం జట్టు అని కట్టారు. బ్యాటు తెచ్చిన పిల్లాడు తన ప్రాణస్నేహితుడితో, "నువ్వు మా రంగు కాదు, అటు పో" అంటున్నాడు.

పైకి వచ్చి మా ఇంట్లోనే కూర్చున్నారు. అంతకుముందెప్పుడూ ఉద్యోగం గురించి చెప్పని మనిషి, ఆ రోజు చెప్పారు. డెబ్బై ఒకటి యుద్ధానికి కొంచెం ముందు ఆయన ఉద్యోగంలో చేరారట. ఫిరంగిని ఏ కోణంలో పెడితే గుండు ఎంత దూరంలో పడుతుందో చెప్పే పట్టికలు తయారు చెయ్యడం పని.

"దూరానికి ఒక గడి, గాలికి ఒక గడి, ఎండకు ఒక గడి. రాత్రింబగళ్లు చేసినం. యుద్ధమైనంక ఒక ఆఫీసరు లడ్డూలు తెచ్చిండు, మీ పట్టికలు బాగా పనిచేసినయి అన్నడు. నేను రెండు తిన్న. తింటుంటే మాటల్ల మాటగ చెప్పిండు, ఒక దగ్గర గుండ్లు పడ్డకాడ ఊరుండెనంట అని. మా పట్టికలల్ల ఊరికి గడి లేదు."

ఆ రంగుల కాగితం మడుస్తూ అన్నారు. "దేశానికి అవసరం, చేసిన. సిగ్గు పడ. కానీ మాలాంటి చదువుకున్నోళ్లే ముందు అడగాలె, దీంతోని ఎవరికేమైతది అని. మేము అడగలే. లెక్క తప్పు రాకుంట చూసుకున్నం, అంతే."

నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఇంటింటికీ వెళ్లి తప్పయిందని చెప్పాలంటే నాకు చచ్చేంత భయం వేసింది. ఆ వేడిలో ఎవరేమంటారో, ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో. ఆయన లేచారు. "నువ్వు కంప్యూటర్ల తుడిచెయ్యి. కాయితాలు నేను తెస్త."

మధ్యాహ్నానికి నలభై రెండు కాగితాలూ తెచ్చి నా బకెట్లో నానబెట్టి, పిండిపిండి చేశారు. గుమ్మాల దగ్గర ఏం చెప్పారని నేను అడగలేదు. అడగాలని తట్టలేదు, నిజం చెప్పాలంటే తట్టనివ్వలేదు. బయటపడ్డానన్న సంతోషంలో ఉన్నాను.

ఆ తర్వాత అపార్ట్‌మెంట్‌లో మావైపు వాళ్లు ఆయనతో ముభావంగా ఉండడం చూశాను. వ్రతం చేసుకుంటే ప్రసాదం అన్ని గుమ్మాలకీ వెళ్లేది, ఆయన గుమ్మం తప్ప. ప్రెసిడెంట్ గారు ఎదురుపడితే ఫోన్ తీసి చెవికి పెట్టుకునేవారు. ఇదంతా ఆ స్టిక్కర్ మహిమ అనుకున్నాను. "అది పీకెయ్యొచ్చు కదా అంకుల్, అందరూ మళ్లీ మాట్లాడతారు" అని వేళాకోళం కూడా చేశాను. ఆయన నవ్వి, "ఉండనీ బిడ్డా, బండికి అందంగున్నది" అన్నారు. ట్యాంకులో కర్ర దించడం మాత్రం మానలేదు. ప్రసాదం పంపనివాళ్లకీ నీళ్లెప్పుడు ఆగుతాయో రోజూ చెప్పేవారు.

మొన్న ఆదివారం సెల్లార్‌లో సంతాపసభ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద ఫోటో. ఇప్పటికీ ప్రెసిడెంట్ ఆ భీమవరం ఆయనే. మైకు తీసుకుని చెప్పారు.

"మనలో కొందరికి గుర్తుండే ఉంటుందండి. ఆ గొడవల రోజుల్లో జిల్లాల లెక్కన రంగులేసి ఓ లిస్టు వచ్చింది. అమ్మాయి చేత ఆ రంగులు వేయించింది తనేనని, తప్పయిపోయిందని, ఈయన గుమ్మం గుమ్మానికీ వచ్చి చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు మొహం చూడలేదండి. కానీ ఇప్పుడనిపిస్తుంది, తప్పు ఒప్పుకోవడానికి కూడా గుండె ఉండాలని."

రెండేళ్లు ఆయన మోసినది నా తప్పు. మోస్తుంటే నేను పక్కనుండి స్టిక్కర్ పీకమని జోకులేశాను.

లేచి నిలబడ్డాను. మైకు అక్కర్లేకపోయింది.

"ఆ రంగులు వేసింది నేనండి. ఆయన చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే వేశాను. ఆయన కాగితాలు మాత్రం ఏరుకొచ్చారు."

నేను ఆంటీ వైపు తిరిగి, "మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు బిడ్డా" అన్నారు. "నేనే కొట్లాడిన, నీకెందుకయ్యా ఈ నింద అని. దానికాయన, యుద్ధమప్పటి ఊరి తప్పు ఎవరికీ చెప్పుకోలేకపోయిన, ఇదన్న చెప్పుకున్న, పానం అల్కగైంది, బరువు దిగింది అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిండు."

నా పాతికేళ్ల వయసులో ఆయన అంత పెద్ద మేలు చేశారని, నాకు నలభై దగ్గర పడ్డాక తెలిసింది. కాళ్లకి దండం పెడదామంటే మనిషి లేరు.

ప్రెసిడెంట్ గారు మైకు బల్ల మీద పెట్టేశారు. చెప్పులు విడిచి, ఫోటో దగ్గరికెళ్లి చేతులు జోడించారు. అలాగే నిలబడిపోయారు. తర్వాత మాట్లాడాల్సినవాళ్ల పేరు ఎవరూ పిలవలేదు.