పిలవకుండా వెలిగే లైటు

తిరువూరులో హనీఫ్ వైరింగు చేసిన ఇళ్లకంటే చేయనివి లెక్కపెట్టడమే తేలిక. ఫ్యాను కిర్రుమన్నా, మోటారు మొరాయించినా జనం మొదట హనీఫ్‌ను తిట్టుకుంటారు, ఆ తర్వాత అతనికే ఫోను చేస్తారు. దానికేమీ అనుకోడు. ఒక్క విషయంలోనే మనిషి మొండి. పని చెడితే మాట పడతాడు గానీ, సామాను నాసిరకమని చెప్పి తప్పుకోడు. ఆ వేసవిలో ఆ మొండితనమే అతని ప్రాణం తోడేసింది.

వంశీకృష్ణది ఎరువుల కొట్టు. భార్య గీతాంజలి స్కూటరు మీద గంపలగూడెం బడికి వెళ్లి పాఠాలు చెప్పేది. లారీ తగిలి నడుము దెబ్బతిన్నాక కాళ్లు స్వాధీనం తప్పాయి. "ఫ్యాను వెయ్యండి, లైటు తియ్యండి అని పొద్దస్తమానం మనుషుల్ని పిలవడమే నా ఉద్యోగమైంది" అని ఏడ్చేది. చూడలేక వంశీకృష్ణ ఒక సామాను తెప్పించాడు. మంచం పక్క ప్లగ్గులో చిన్న పెట్టె. దాని మీట నొక్కితే గోడలోని కరెంటు తీగల్లోంచే కబురు వెళ్లి ఆ గది లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. గోడలు తవ్వే పని లేదు. బిగించింది హనీఫే.

మొదటి వారం బాగానే ఉంది. తర్వాత మొదలైంది తంటా. పొద్దున పలికే పెట్టె మధ్యాహ్నం పలకదు. హనీఫ్ వచ్చి చూస్తే నిక్షేపంగా పలుకుతుంది, డాక్టరు గుమ్మం తొక్కగానే దిగిపోయే జ్వరంలాగా. ఫ్రిజ్జును అనుమానించాడు, టీవీని అనుమానించాడు, పెట్టె మార్చి చూశాడు. ఏదీ కుదరలేదు.

"వదిలెయ్ హనీఫ్ భాయ్. దీన్ని పీకేసి కాలింగ్ బెల్లు పెట్టు. అమ్మ ఎటూ ఇంట్లోనే ఉంటుందిగా" అన్నాడు వంశీకృష్ణ, విసిగిపోయి.

గదిలోంచి గీతాంజలి గొంతు వినిపించింది. "బెల్లు వద్దు హనీఫ్ గారూ. బెల్లంటే మళ్లీ పిలవడమేగా!"

ఆ మాట హనీఫ్‌కు గుచ్చుకుంది. మర్నాడు వేరే పనులన్నీ మానుకుని, మధ్యాహ్నమంతా వాళ్ల హాల్లో కూర్చున్నాడు. గీతాంజలి అత్తగారు నాగేశ్వరమ్మ మజ్జిగ ఇచ్చి, ఎండల గురించీ మామిడికాయల గురించీ చెబుతోంది. ఎండ ముదిరింది, వోల్టేజి పడిపోయింది, గదిలో ఫ్యాను ఈసురోమంది. ఆవిడ చెబుతున్న మాట మధ్యలో ఆపి లేచి, మెట్ల కింద బోర్డు దగ్గరికి వెళ్లి, అక్కడి పిడి టక్కున తిప్పి వచ్చింది. ఫ్యాను మళ్లీ జోరందుకుంది.

"ఉడికిపోతోందయ్యా పిల్ల. ఈ ఫేజు డల్లయితే ఆ ఫేజుకు మారుస్తా, అది డల్లయితే ఇంకోదానికి" అంది.

అంతలోనే గదిలోంచి కేక. "మళ్లీ పనిచెయ్యట్లేదు!"

హనీఫ్ నెత్తి కొట్టుకున్నాడు. ఆ పిడి ఒకప్పుడు బిగించింది తనే. ఇంటికొచ్చే కరెంటు లైన్లు మూడు, మూడు ఫేజులు; అది తిప్పితే గది లైటూ ఫ్యానూ వేరే ఫేజుకు వెళ్లిపోతాయి. పెట్టె ఉన్న ప్లగ్గు మాత్రం పాత ఫేజులోనే ఉండిపోతుంది. ఒక ఫేజులో పంపిన కబురు ఇంకో ఫేజుకు అందదు. ఎండాకాలం ఇలా ఫేజు మార్చడం వీధి వీధంతా చేసే పనే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

విన్న నాగేశ్వరమ్మ మొహం వాడిపోయింది. "అయితే ఇన్నాళ్లూ చెడగొట్టింది నేనా?"

"మీరు కాదమ్మా, చూసుకోనిది నేను. మీరు తిప్పడం మానొద్దు. ఇకమీదట అన్నీ కలిసి మారేట్టు చేస్తా" అన్నాడు హనీఫ్.

పెట్టె ప్లగ్గును కూడా గది లైనులోకే కలిపాడు. పని పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. నాగేశ్వరమ్మ చేత పిడి మూడువైపులా తిప్పించాడు. ఎటు తిప్పినా గీతాంజలి నొక్కగానే లైటు వెలిగింది. కొట్టు నుంచి వచ్చిన వంశీకృష్ణకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. అందరూ హాల్లోకి వచ్చి టీ తాగుతున్నారు.

గదిలో లైటు ఆరిపోయింది.

"మళ్లీ పోయిందా!" వంశీకృష్ణ గ్లాసు కింద పెట్టి లేచాడు. హనీఫ్ టెస్టరు అందుకున్నాడు. నాగేశ్వరమ్మ అందరికంటే ముందే గుమ్మం చేరి, "దీపాల వేళ చీకట్లో ఏంటమ్మా" అంటూ స్విచ్చు మీదికి చెయ్యి చాపింది.

"పోలేదత్తయ్యా. నేనే ఆపాను" అంది చీకట్లోంచి గీతాంజలి. "కాసేపు ఎవరూ రాకండి."

ప్రమాదం జరిగాక ఆమె ఒక్కర్తే ఉన్న ఘడియ లేదని హనీఫ్‌కు అప్పుడు తట్టింది. ఏడ్చినా ఎవరో ఒకరు చూస్తుండగానే ఏడ్చింది. నాగేశ్వరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. వంశీకృష్ణ వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.