పొగ గ్రూపు

మా అపార్ట్‌మెంటుకి గ్యాస్ బండ తెచ్చే అతని మీద నాకో ఫిర్యాదు ఉంది. బెల్లు కొట్టడు. కొట్టినా మాకు వినపడదనుకోండి, ఆ వైరు నేనే పీకేశాను. ఏలూరులో బెల్లంటూ ఉన్నాక నీళ్ళ క్యాను అతనూ, కరపత్రాలు పంచే అతనూ, పై అంతస్తువాళ్ళ చుట్టాలూ అందరూ దాన్నే నొక్కుతారు. అయినా గ్యాస్ అతను తలుపు తట్టవచ్చు కదా. తట్టడు. బండతో సహా వెనక్కి పోతాడు. ఈ అన్యాయం గురించి కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. ఈమధ్య మానేశాను.

ఎందుకు మానేశానో చెప్పాలంటే కామవరపుకోట దాకా వెళ్ళాలి. ఆ ఊరికి కాస్త అవతల మా ఆవిడ తరఫున వచ్చిన జీడిమామిడి తోట ఉంది. చాకిరీ చేసేది మా బావమరిది. నడుం మీద చేతులు పెట్టుకుని చూసేది నేను. మాకు ఆనుకుని ఇంకొకావిడ తోట. భర్త మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఏడాదికి ఆ ఇంటికి వచ్చేది ఆ ఒక్క పంటే. రెండు తోటల వెనకా గుట్ట, దాని నిండా తుప్పల అడవి.

కిందటేడు ఎండల్లో గుట్ట మీది కార్చిచ్చు తోటల అంచుల దాకా దిగి, ఎందుకో దయ తలచి ఆగింది. ఈసారి అంత దయ ఉండకపోవచ్చని రైతులంతా కూర్చుని మాట్లాడుకున్నారు. అడవి అంచు పొడుగునా ట్రాక్టరుతో దున్ని, గడ్డిపోచ లేని బోడి నేలగా ఉంచాలి. చెట్ల కింద ఎండుటాకు ఊడ్చెయ్యాలి. మందు కొట్టే ట్యాంకర్లు ఎండాకాలమంతా నీళ్ళతో నింపి పెట్టాలి. పొగ కనిపించగానే ఫోన్ గ్రూపులో పెడితే, చూసినవాళ్ళు చూసినట్టు పచ్చికొమ్మలు విరుచుకుని పరిగెత్తాలి. దున్నడం, ఊడ్వడం నావల్ల కావని అందరికీ తెలుసు గనక గ్రూపు నాకు అప్పజెప్పారు.

“మాస్టారు చదువుకున్నవారు కదండీ,” అన్నారు. కాదనలేకపోయాను.

గ్రూపుకి ‘పొగ’ అని పేరు పెట్టి, ఇందులో పొగ తప్ప మరేమీ పెట్టరాదని నియమం కూడా రాశాను. కొన్నాళ్ళు గడిచాయి. పొగ లేదు. అంతమంది చేరి అలా నోరు మెదపకుండా కూర్చుంటే పరామర్శకి వచ్చినట్టు ఉంది. ఒక జోకు పెట్టాను. నవ్వు బొమ్మలు తెగ వచ్చాయి. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నాకు దక్కని ఆదరణ అది. మర్నాడు ఇంకోటి పెట్టాను. తర్వాత మిగతావాళ్ళూ అందుకున్నారు. గుడ్ మార్నింగ్ గులాబీలు, ఎవరి మనవడిదో పుట్టినరోజు కేకు, ఉండి ఊళ్ళో ఎవరి అల్లుడో తన చెరువులో పట్టిన చేప. ఊళ్ళో ఐకమత్యం పెరుగుతోందని మా బావమరిదితో అన్నాను.

“పెరిగితే పెరిగింది గానీ బావగారూ, నేను దాని సౌండు ఆపేశానండి. మధ్యాహ్నం కునుకు తియ్యనివ్వట్లేదు.”

అందరూ ఆపేశారని తర్వాత తెలిసింది. అందరికంటే ముందు ఆపినవాణ్ణి నేను.

ఏప్రిల్లో, జీడిపిక్కలు రాలే రోజుల్లో, తాడేపల్లిగూడెంలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. పొద్దున్నే గ్రూపులో ఒక జోకు వదిలే బయల్దేరాను. భోజనాల దగ్గర ఎడమచేత్తో ఫోను తీస్తే, పక్క తోట ఆవిడ పెట్టిన ఫోటో కనపడింది. నొక్కితే గాని తెరుచుకోని మసక ఫోటో, బూడిద రంగులో ఉంది. నా జోకుకి బదులుగా ఏదో తమాషా బొమ్మ పంపిందనుకున్నాను. ఎప్పుడూ ఏమీ పెట్టని మనిషి కదా, ప్రోత్సహించాలనిపించింది. తెరవకుండానే కింద రెండు నవ్వు బొమ్మలు పెట్టి, పనసపొట్టు కూర మళ్ళీ వడ్డించమన్నాను.

అది గుట్ట మీద లేచిన పొగ.

దున్నిన నేల దగ్గర మంట ఆగిందట. కానీ వడగాలికి నిప్పురవ్వలు ఎగిరొచ్చి ఆవిడ తోటలో పడ్డాయి. పడ్డచోటల్లా బాది ఆర్పడానికే మనుషులు కావాలి. ఆవిడ ఒక్కతే కొమ్మ పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తింది. మా బావమరిది చింతలపూడి వెళ్ళాడు. ట్యాంకర్ల నిండా నీళ్ళున్నాయి. నడిపేవాళ్ళు ఫోన్లు పక్కన పెట్టుకుని నిద్రపోతున్నారు. కంటితో పొగ చూసి జనం వచ్చేసరికి ఆవిడ తోట సగం పైగా పోయింది. మా తోట మిగిలింది. గాలి అటు వీచింది, అంతే.

నా నవ్వులు తీసేశాను. ఫోన్లో ఏదైనా తీసేస్తే, తీసేశారని రాసి ఉంటుంది. అప్పటికి ఎలాగూ అందరూ చూశారు.

మర్నాడు వెళ్ళేసరికి ఆవిడ బూడిదలో కూర్చుని పనికొచ్చే పిక్కలు ఏరుతోంది. తోటంతా కాలిన పిక్కల వాసన. ఆ వాసన నాకు కమ్మగా తగిలింది. దానికి కూడా సిగ్గేసింది.

“నేను ఆ ఫోటో తెరవలేదండీ,” అన్నాను.

“తెరిచి నవ్వారని నేనెందుకు అనుకుంటానండీ,” అంది ఆవిడ, ఏరడం ఆపకుండానే. తిట్టినా కాస్త నయంగా ఉండేది.

సాయంత్రం రైతులంతా అక్కడే నిలబడి మళ్ళీ మాట్లాడుకున్నారు. దున్నే నేల ఇంకా వెడల్పు చెయ్యాలన్నారు. ఫోన్లను నమ్ముకోవద్దనీ, పొగ కనిపిస్తే రామాలయం మైకులోనూ మసీదు మైకులోనూ ఒకేసారి కేకెయ్యాలనీ అన్నారు. ఆ పనికి ఎండాకాలమంతా ఊళ్ళో ఉండే మనిషి ఒకడు కావాలి.

“నేనుంటానండీ,” అన్నాను. “ఈ నెలలన్నీ ఇక్కడే ఉండిపోతాను. మైకు నాకు వదిలెయ్యండి.”

నిజంగానే అన్నాను. ఒకరిద్దరు నా మాటలో జోకు ఎక్కడుందా అని కాసేపు ఆగి చూశారు. మా బావమరిది కాలి వేలితో బూడిద గీరుతున్నాడు. ఆవిడ పిక్కల గోనె మూతి ముడేసి లేచింది.

“మాస్టారొద్దండీ. ఆయన పిలిస్తే ఎవరూ రారు.”