ఇంజన్‌కి ఆనించిన చెవి

మొన్న గుడివాడలో ఒక మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి వింటుంటే నాకు నాన్న గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు నాన్న బందరులో ఒక షావుకారు గారి కారు నడిపేవాడు. ఒకరోజు ఇంజన్‌లో ఏదో చప్పుడు మొదలైంది. షావుకారు గారు పక్కనే నిలబడ్డారు. నాన్న ఇలాగే స్క్రూడ్రైవర్ పెట్టి కాసేపు విన్నాడు. తర్వాత పిడిని నా చెవికి పెట్టాడు.

"గట్టిగా చెప్పవే. పెడనలో అత్త బట్ట మీద అద్దకం అచ్చు బాదినట్టుందా, అమ్మ కుట్టుమిషన్ తొక్కినట్టుందా?"

"కుట్టుమిషనే నాన్నా!" అని అరిచాను.

"అయితే వాల్వుల దగ్గర సందు పెరిగిందండీ. ఇప్పుడే సరిచేసేస్తాను" అని షావుకారు గారితో అన్నాడు.

సరిచేశాక మళ్ళీ నా చెవికే పెట్టాడు. "ఇప్పుడో?"

"ఆ చప్పుడు ఆగిపోయింది!"

షావుకారు గారు నవ్వారు. "ఏవయ్యా, కూతుర్ని కూడా డ్రైవర్ని చేస్తావా ఏంటి?"

"ఏదో సరదా పడుతుందండీ" అన్నాడు నాన్న.

నాకు పని నేర్పుతున్నాడనుకుని వీధంతా గొప్పలు చెప్పుకున్నాను.

నాన్న పోయాక అమ్మ చెప్పింది. అప్పటికే ఆయనకు సన్నటి చప్పుళ్ళు వినబడేవి కావట. ఆ సంగతి తెలిస్తే షావుకారు గారు ఇంకొకర్ని పెట్టుకుంటారని భయపడేవాడట.

నేను బడిలో ఉన్న వేళ ఆ ఇంజన్ ఏమంటోందో నాన్నకు ఎవరు చెప్పేవారో!